బొమ్మతో పాటు ప్రశ్న కూడా చూపించండి

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"మాస్టారూ, నాకు ముప్పై ఆరేళ్లు. ఇక్కడే ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేదాన్ని, ఇంటర్‌తో ఆగిపోయింది. పోయిన ఏడాది మళ్లీ మొదలుపెట్టాను. ఫోటో మీద గళ్లు గీసుకుని వేస్తే అచ్చు దిగుతుంది. చూడకుండా వేయాలంటే వంటింట్లో స్టూలు కూడా రాదు. అందుకని వీడియోలు చూసి గీతలు, పెట్టెలు, గుండ్రాలు ప్రాక్టీసు చేస్తున్నాను. విసుగ్గా ఉంది, ఎందుకు చేస్తున్నానో తెలియడం లేదు. మేం నలుగురం ప్రతి ఆదివారం కలిసి ఎవరేం వేశామో చూపించుకుంటాం. రెండు నెలల కిందట, నేను కష్టపడి వేసిన పెట్టెల పేజీ చూసి ఒక స్నేహితురాలు 'ఇవేంటి, అన్నీ తిరగబడిపోయినట్టున్నాయి' అంది. మిగతా ఇద్దరూ 'బాగానే ఉన్నాయిలే' అన్నారు. ఆ రోజు నుంచి పెన్ను పట్టుకుంటేనే టెన్షన్. అక్కడికి వెళ్లడం మానేశాను. ముగ్గులు మాత్రం వీధిలో అందరూ మెచ్చుకుంటారు, కానీ అది డ్రాయింగ్ కాదు కదా. ఈ ఎక్సర్‌సైజులు నిజంగా పనికొస్తాయా? ఇంకొకరి మాట ఎంతవరకు పట్టించుకోవాలి? మళ్లీ వెళ్లమంటారా?"

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. వెళ్లండి. ఏం పట్టుకుని వెళ్లాలో, అక్కడ ఏం అడగాలో చెప్పడానికే మిగతాదంతా రాస్తున్నాను.

ముందు ఆ ముగ్గు సంగతి. అది డ్రాయింగ్ కాదన్న మాట నేను ఒప్పుకోను. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క పెట్టి మెలికల ముగ్గు వేసేటప్పుడు మీరేం చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు చుక్కలన్నీ పెడతారు. మెలిక ఎక్కడ మొదలై, ఏ చుక్కను చుట్టి, ఎక్కడ కలవాలో మనసులో ఒకసారి తిప్పుకుంటారు. ఆ తర్వాత నడుం వంచి, చేయి మొత్తం భుజం దగ్గర్నుంచి కదిలిస్తూ, పిండి ధార తెగకుండా ఒక్క ఊపున లాగుతారు. సరిగ్గా రాకపోయినా బెంగ లేదు, తెల్లారితే మళ్లీ కల్లాపి, మళ్లీ కొత్త ముగ్గు. గీత గీయడం గురించి ఏ డ్రాయింగ్ మాస్టారైనా మొదటి నెలలో నేర్పేది ఇదే.

ఇంకో విషయం చూడండి. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి "మూడో వరసలో ఒక చుక్క వదిలేశావమ్మా" అంటే మీకు ఏడుపు రాదు. వంగి చూసుకుంటారు, "అవును కదా" అంటారు, కలిపేస్తారు. మరి స్నేహితురాలి మాట రెండు నెలలు ఎందుకు గుచ్చుకుంది? ముగ్గులో చుక్కలు నేల మీద ఇద్దరికీ కనిపిస్తున్నాయి. ఆవిడ చుక్క గురించి మాట్లాడిందని మీకు తెలుసు. పెట్టెల పేజీలో అలాంటి చుక్క ఏదీ లేదు. మీరు ఆ పేజీని నలుగురి ముందు పెట్టి "ఎలా ఉంది?" అని అడిగి ఉంటారు, అందరం అలాగే అడుగుతాం. ఆ ప్రశ్నకు రెండే జవాబులు వస్తాయి. బాగుంది, బాగాలేదు. మొదటిది విన్నా మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. రెండోది వింటే అది మీ మీద తీర్పులా వినిపిస్తుంది. చూపించే పద్ధతి మారితే ఆ మాటే మీకు పనికొచ్చేది.

ఎక్సర్‌సైజు ఎందుకు విసుగ్గా ఉందంటే కూడా కారణం అదే అనుకుంటున్నాను. పేజీ నింపడమే పని అనుకుంటే పది నిమిషాలకు ఆవలింత వస్తుంది. ప్రాక్టీసు పేజీ అంటే ఒక ప్రశ్న వేసుకుని చేత్తో జవాబు వెతకడం. ఏ ప్రశ్న అన్నది ముందే తెలియాలి. పేజీ పైన రాసుకుంటే ఇంకా మంచిది.

గీతలతో మొదలుపెడతాను. కాగితం మీద రెండు చుక్కలు, మధ్య నాలుగైదు అంగుళాల దూరం. పెన్ను ఆనించకుండా గాలిలోనే ఆ దారిన రెండు మూడుసార్లు చేయి ఆడించండి. చేయి కుదిరిందనిపించాక ఒక్కసారి గీయండి. మణికట్టు తిప్పకుండా భుజం నుంచి కదపండి, ముగ్గుకు కదిపినట్టే. ఇక్కడ రెండు తప్పులు జరగొచ్చు. గీత వణకడం ఒకటి, చుక్క తప్పడం ఇంకొకటి. చాలామంది చుక్క తప్పుతుందని భయపడి మెల్లగా గీస్తారు, గీత వణుకుతుంది. మొదటి రెండు వారాలు చుక్క తప్పినా పట్టించుకోకండి. "గీత వణికిందా?" ఇదొక్కటే ప్రశ్న. వణుకు పోయాక చుక్క సంగతి చూద్దాం, అది తొందరగానే దారికొస్తుంది.

పెన్సిలు కాకుండా పెన్ను ఎందుకంటే, రబ్బరు దగ్గర ఉంటే చేయి ముందుగా ఆలోచించదు. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లను చూడండి. చింత బొగ్గుతో లేతగా ఆకారం వేసుకుంటారు, తర్వాత వెదురు కలం బెల్లం, ఇనుము ఊరబెట్టిన కసిమిలో ముంచి గీస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ గీత నల్లగా నిలిచిపోతుంది, చెరపడం కుదరదు. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. అంత ఖచ్చితమైన చేయి పాత గుడ్డల మీద, కాగితాల మీద వందలసార్లు గీస్తేనే వస్తుంది. మీకు పెద్ద ఖర్చేమీ లేదు. ఒక కట్ట జెరాక్స్ పేపరు, బాల్ పెన్నో జెల్ పెన్నో చాలు. ఖరీదైన స్కెచ్ బుక్ ఇప్పుడే కొనకండి. కాగితం ఖరీదైతే దాన్ని పాడుచేయడానికి చేయి రాదు.

ఇక పెట్టెలు. మీ పేజీ నేను చూడలేదు, కానీ ఆ అమ్మాయి అన్న మాట నాకు చాలా చెప్పింది. "తిరగబడిపోయినట్టున్నాయి" అందంటే ఆమె కన్ను సరిగ్గానే పట్టింది, చెప్పడానికి మాటలు దొరకలేదు. తిరుపతి స్టేషన్ ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే పట్టాలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా. పెట్టె అంచులూ అంతే. ఒక పెట్టెకు పన్నెండు అంచులుంటాయి, ఒక్కో దిక్కుకు నాలుగు. ఒక దిక్కుకు పోయే నాలుగు అంచులూ మన నుంచి దూరమయ్యేకొద్దీ దగ్గరికి రావాలి. పొడిగిస్తే ఒకే చోట కలవాలి, దాన్ని వానిషింగ్ పాయింట్ అంటారు. అవి దగ్గరికి రాకుండా దూరం జరిగితే వెనక ముఖం ముందు ముఖం కంటే పెద్దదవుతుంది. అప్పుడు కన్ను తికమకపడి ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేదు. పెట్టె తిరగబడినట్టు కనిపిస్తుంది.

దీన్ని మీరే పట్టుకోవచ్చు. పెట్టె వేయడం అయ్యాక ఎర్ర పెన్ను, స్కేలు తీసుకుని ఒక దిక్కు అంచులు నాలుగింటినీ దూరం వైపు పొడిగించండి. మూడు దగ్గరకొచ్చి ఒకటి మాత్రం తన దారిన తాను పోతుంటే అదే మీ తప్పు. పక్కన చిన్న టిక్కు పెట్టుకోండి. చాలాసార్లు అది వెనక దాగిన మూలకు చేరే అంచే అయి ఉంటుంది, ఎందుకంటే ముందు గీసిన గీతల పొరపాట్లన్నీ చివరికి అక్కడే పోగవుతాయి. రోజుకు ఐదు పెట్టెలు వేసి ఎర్ర గీతలు గీస్తే రెండు నెలల్లో మూడు వందలవుతాయి. అలాగని ఒకేరోజు యాభై వేయకండి. ఎర్ర గీతలు చూసి తర్వాతి పెట్టెలో దిద్దుకునే వ్యవధి చేతికి దొరకాలి. తప్పు పెట్టెను దిద్దకండి, దాన్ని అలాగే వదిలేసి కొత్తది వేయండి. ఆ ఎర్ర గీతలే మీ పేజీలో చుక్కలు.

గుండ్రాలకు వంటింట్లోకి పదండి. ఒక స్టీల్ గ్లాసు తీసుకుని పై అంచు సరిగ్గా కంటి ఎత్తులో ఉండేలా నిటారుగా పట్టుకోండి. దాని పై అంచు ఒక అడ్డగీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించండి. ఆ గీత తెరుచుకుని సన్నటి ఎలిప్స్ అవుతుంది, స్కూల్లో దీర్ఘవృత్తం అని చదువుకున్నదే. ఇంకా దించితే ఇంకా విప్పారుతుంది. ఇప్పుడు గ్లాసును బల్ల మీద పెట్టి చూడండి. అడుగు పై అంచు కంటే ఇంకా కింద ఉంది కాబట్టి అడుగు వంపు పై వంపు కంటే ఎక్కువ గుండ్రంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది అడుగును అడ్డగీతలా గీస్తారు. బల్ల చదునుగా ఉంటుందని మనసుకు తెలుసు, అది కంటి మాట విననివ్వదు. డ్రాయింగ్ నేర్చుకోవడంలో సగం పని ఇదే, తెలిసిన దాన్ని పక్కనపెట్టి కనిపించేది గీయడం.

ఇంకో రెండు సంగతులు కూడా గమనించండి. ఎలిప్స్ చివర్లు ఎప్పుడూ మొనదేలవు, అక్కడ కూడా వంపే ఉంటుంది. గ్లాసును వాల్చి పడుకోబెట్టినా ఎలిప్స్ పొట్టి ఇరుసు, అంటే ఇరుకు వైపున దాని మధ్యగా పోయే గీత, గ్లాసు నడిమి గీత (మూతి మధ్య నుంచి అడుగు మధ్యకు పోయేది) వెంబడే ఉంటుంది. ఈ రెండూ తెలిస్తే చెంబు, బిందె, కుక్కరు, బండి చక్రం అన్నీ ఒకే పాఠమని అర్థమవుతుంది. గ్లాసును ఒక నిమిషం చూసి, అలమరలో పెట్టి తలుపేసి, జ్ఞాపకం మీద వేయండి. తర్వాత తీసి పక్కన పెట్టి పోల్చండి. "చూడకుండా స్టూలు కూడా రాదు" అన్నారు కదా, దానికి నాకు తెలిసిన మందు ఇదే. ముందు గ్లాసు, తర్వాత స్టూలు.

గళ్లు గీసి వేయడం తప్పు కాదు. సినిమా హోర్డింగులు చేత్తో వేసిన రోజుల్లో పెద్ద పెద్ద ముఖాలు గళ్లతోనే పైకెక్కాయి. అయితే ఏ గీత ఎంత దూరంలో ఉందో గళ్లే చెప్పేస్తాయి, కొలత వేసే పని కంటికి ఉండదు. ఏడాదిగా కన్ను ఆ పని చేయలేదు కాబట్టి దానికి అలవాటు లేదు, అంతే. చేయి మాత్రం మీకు బాగానే ఉంది.

మన ఊళ్లో ఉండి బొమ్మలు నేర్చుకునేవాళ్లకు ఒక అదృష్టం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. తల వేయడం నేర్చుకునేవాళ్లందరూ కళ్లను పైకి పెట్టేస్తారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. జుట్టు కప్పేయడం వల్ల పుర్రె ఎంత ఎత్తుందో మనకు తెలియదు. తిరుపతిలో తెలియకపోవడం ఏంటమ్మా? మొక్కు తీర్చుకుని, గుండు మీద చందనం పూసుకుని కొండ దిగిన వాళ్లు రోజూ వేలమంది బస్టాండులో, స్టేషన్లో కూర్చుని ఉంటారు. తల ఆకారం అంత స్పష్టంగా చూసి నేర్చుకునే అవకాశం వేరే ఊళ్లో చదివే ఏ ఆర్ట్ స్టూడెంటుకూ లేదు. పక్కనుంచి చూడండి. ముందు నుంచి వెనక్కి తల లోతు కూడా దాదాపు ఎత్తంత ఉంటుంది, చెవి సగానికి కాస్త వెనక, కనుబొమకూ ముక్కు అడుగుకూ మధ్యలో ఉంటుంది. కళ్లూ ముక్కూ వేయకండి. ఆకారం, చెవి, మెడ ఎక్కడ అతుక్కుంది, అంతే. ఒక్కో తలకు రెండు నిమిషాలు.

రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం దగ్గర, నడిచి నడిచి అలసిపోయి సంచి మీద తల పెట్టి నిద్రపోయేవాళ్లుంటారు. కదలని మనుషులు దొరకడం మొదట్లో చాలా సాయం. శరీరం బరువు ఎక్కడ నేలకు ఆనింది, వెన్ను ఎటు వంగింది, ఈ రెండే ముప్పై సెకన్లలో పట్టుకోండి. మేలుకున్నవాళ్లెవరైనా చూసి ఇబ్బంది పడితే పుస్తకం మూసేయండి. చాలామంది ఇబ్బంది పడరు, పిల్లలైతే మీ భుజం మీదికే వచ్చేస్తారు. కదిలే మనుషులు కావాలంటే మే నెలలో గంగమ్మ జాతర ఉండనే ఉంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరసగా వస్తుంటే, వీధి అరుగు మీద కూర్చుని ఎన్ని బొమ్మలైనా వేయొచ్చు. పెట్టెలు కాస్త కుదిరాక ఒక సెలవు రోజు చంద్రగిరి వెళ్లి రాజమహల్ ఎదురుగా కూర్చోండి. మూడంతస్తుల్లో వరసగా కమానులు, దూరాన్ని కాగితం మీద చూపించే విద్య అయిన పర్‌స్పెక్టివ్‌కు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

ఎక్సర్‌సైజులు మాత్రమే చేస్తూ కూర్చోవద్దు. రోజుకు నలభై నిమిషాలు దొరికితే ఇరవై వాటికి, ఇరవై మీకు నచ్చిన బొమ్మకు. ఆ రెండో ఇరవై నిమిషాల్లో తప్పులు లెక్కపెట్టకండి. అది ఎవరికీ చూపించనక్కర్లేదు. చిన్నప్పుడు ఏ ఇష్టంతో వేసేవారో దాన్ని బతికించుకోవడానికి ఆ సమయం కావాలి. బాగా వచ్చాక వేస్తాను అని దాచుకునే వాళ్లను చూశాను, ఆ "బాగా వచ్చాక" అనే రోజు వాళ్లకు రాలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఇంకొకరి మాట. దీనికి ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నేను పిల్లలకు డ్రాయింగ్ చెప్పిన మొదటి పదేళ్లూ పేజీ కింద పదికి ఆరు, పదికి ఏడు అని వేసి పంపేవాణ్ణి. లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు. ఆరు వచ్చినవాడు తర్వాతి వారం కూడా అదే తప్పుతో వచ్చేవాడు. నాకు కోపం వచ్చేది. ఒకసారి ఒక పిల్లవాడితో "నీకు చేయి తిరగదురా" అన్నాను. వాడు ఆ తర్వాత క్లాసుకు వచ్చాడు గానీ చివరి బెంచీలో పుస్తకం మీద చేయి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. వాడి బిందె బొమ్మలో మూతి ఎలిప్స్ ఒక్కటే తప్పు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. ఇప్పటికీ వాడు గుర్తొస్తాడు.

గొప్పవాళ్ల మధ్య కూడా ఇది జరిగింది. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1880లో, ఇరవై ఏడో ఏట బొమ్మలు వృత్తిగా పెట్టుకున్నాడు. మీరు ఇప్పుడు పెట్టెలు వేస్తున్నట్టే అతను చార్లెస్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాలను పదేపదే కాపీ చేశాడు. ఆ రోజుల్లోనే బ్రస్సెల్స్‌లో ఆంటోన్ వాన్ రాపార్డ్ అనే చిత్రకారుడు స్నేహితుడయ్యాడు. ఇద్దరూ దాదాపు ఐదేళ్లు ఉత్తరాల్లో ఒకరి బొమ్మల గురించి ఒకరు రాసుకున్నారు. 1885లో విన్సెంట్, దీపం వెలుగులో బంగాళాదుంపలు తింటున్న రైతు కుటుంబం బొమ్మను అచ్చు వేసి రాపార్డ్‌కు పంపాడు. రాపార్డ్ ఎగతాళిగా జవాబు రాశాడు. ఒకడి చేయి మరీ పొట్టిగా ఉందని, ముక్కు సగం లేదని, అసలు ఇది శ్రద్ధగా చేసిన పనేనా అని. విన్సెంట్ ఆ ఉత్తరాన్ని తిప్పి పంపేశాడు. తర్వాత కొన్ని ఉత్తరాలు నడిచాయి గానీ ఆ ఏడాదితోనే స్నేహం ముగిసింది.

కొలతల లెక్కన చూస్తే రాపార్డ్ చెప్పినవి అబద్ధాలు కావు. కానీ విన్సెంట్ వెతుకుతున్నది వేరే. పళ్లెంలోకి చాపిన ఆ చేతులే మట్టి తవ్వాయని బొమ్మలో కనిపించాలని తన తమ్ముడికి రాశాడు. చూసేవాడు ఒక ప్రశ్నకు జవాబు చెబుతున్నాడు, వేసినవాడు ఇంకో ప్రశ్న అడుగుతున్నాడు. నేను ఇంత గట్టిగా ప్రశ్నను బొమ్మతో పాటే చూపించమనడానికి కారణం ఇదే.

మరి ఆదివారం ఎలా చూపించాలి? అన్నిటికంటే అందంగా వచ్చిన పేజీని ఇంట్లో వదిలేయండి. ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీ పట్టుకెళ్లండి. ఎదురుగా చూసి వేశారా, ఫోటో చూశారా, ఎంతసేపు పట్టింది, ఇవి చెప్పండి. తర్వాత ప్రశ్న. "ఈ గ్లాసు బల్ల మీద ఆనినట్టుందా, గాలిలో ఉందా?" "ఈ ముసలాయన బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తోందా?" ఇలా అడిగితే "బాగానే ఉందిలే" అని తప్పించుకోవడానికి ఎవరికీ వీలుండదు. ఆ ఇద్దరూ ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాటతో మీరు ఏం చేయగలిగారు?

వాళ్లు చెబుతున్నప్పుడు జవాబు చెప్పకండి. "అది ఎందుకలా వచ్చిందంటే" అని మొదలుపెట్టాలని నాలుక దాకా వస్తుంది. పేజీ వెనక వాళ్ల మాట రాసుకోండి, తేదీ వేయండి, మర్నాడు చదవండి. ఒక్కరే చెప్పిన మాటైతే ఆలోచించి వదిలేయొచ్చు. ముగ్గురూ ఒకే చోట వేలు పెడితే మాత్రం అక్కడ ఏదో ఉంది. వాళ్లు చెప్పిన మందు తప్పు కావచ్చు, నొప్పి చోటు తప్పు కాదు. "ముక్కు పెద్దదైంది" అని ముగ్గురూ అంటే, కొలిచి చూశాక కళ్లు చిన్నవైనట్టు తేలడం నేను ఎన్నోసార్లు చూశాను.

వాట్సాప్‌లో ఫోటో పంపేటప్పుడు జాగ్రత్త. కాగితాన్ని బల్ల మీద పెట్టి ఫోను ఏటవాలుగా పట్టుకుంటే కాగితమే దూరం వైపు సన్నబడుతుంది. మీ పెట్టెల్లో లేని వాలు కూడా ఫోటోలో వచ్చేస్తుంది. కాగితం గోడకు అంటించి, పగటి వెలుతురులో, ఫోను నిటారుగా పట్టుకుని తీయండి. నాలుగు అంచులూ ఫోటోలో సమంగా ఉన్నాయో లేదో చూసి పంపండి.

మీరు ఇతరుల బొమ్మ చూసేటప్పుడు కూడా ఇదే మర్యాద. మొదట కనిపించింది చెప్పండి, బాగుంది బాగాలేదు అనకుండా. "నా చూపు ముందు కిటికీ మీదికి పోయింది, తర్వాత మనిషి మీదికి" అన్నా చాలు, అది వేసినవాళ్లకు ఎంతో విలువైన సమాచారం. తర్వాత వాళ్లు అడిగిన ప్రశ్నకే జవాబు. పది తప్పులు కనిపించినా ఎక్కువసార్లు వచ్చింది ఒకటి ఎంచుకోండి. చూపించాలంటే బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు పరిచి దాని మీద గీయండి. ఇంకొకరి బొమ్మ మీద మీ పెన్ను పడకూడదు, ఈ విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. పక్కవాళ్ల పేజీలో వాలిన అంచు పట్టుకోవడం వచ్చాక, మీ పేజీలో అదే అంచు గీయబోతుండగానే చేయి ఆగుతుంది. ఒంటరిగా వేసుకుంటే ఇది చాలా ఆలస్యంగా వస్తుంది. మీరు నలుగురూ కలిసి కూర్చోవడం అందుకే ముఖ్యం.

ఎవరూ లేని రోజు అద్దం ఉంది. బొమ్మను అద్దంలో చూపించండి, లేదా కాగితం తిప్పి వెలుతురుకు ఎత్తి వెనక నుంచి చూడండి. కుడి ఎడమలు మారగానే వాలిన ముఖం, ఒరిగిన గ్లాసు ఒక్కసారిగా బయటపడతాయి.

ఈ ఆదివారానికి ఇది చేయండి. ఆ పాత పెట్టెల పేజీని పారేయలేదనుకుంటాను. శనివారం రాత్రి దాన్ని బయటికి తీసి, ఎర్ర పెన్నుతో అంచులన్నీ పొడిగించండి. సంచిలో ఒక అగ్గిపెట్టె వేసుకోండి. వెళ్లి ఆ స్నేహితురాలి పక్కనే కూర్చుని, అగ్గిపెట్టె ఇద్దరి మధ్యా పెట్టి, "ఆ రోజు తిరగబడినట్టున్నాయి అన్నావు కదా, ఏ అంచు దగ్గర అలా అనిపించిందో వేలు పెట్టి చూపించు" అని అడగండి. తర్వాత ఆమెకూ ఒక కాగితం ఇవ్వండి, ఇద్దరూ అదే అగ్గిపెట్టె వేయండి.